రాయకోట కొండను కాగితంపై నిలిపిన కెప్టెన్ ట్రైప్

హొసూరు నుండి ధర్మపురి మార్గంలో రైలులో పయనించే మన ప్రాంతీయులకు రాయకోట కొండ చిరపరిచితం. తమిళంలో రాయక్కోట్టై అని వ్రాసినా, ఇంట తెలుగు మాటలాడే కుటుంబాలకు అది ఎన్నడూ రాయకోటయే. కొండపై దుర్గమున్నదనీ, 1791లో టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధంలో ఆంగ్లేయులు దానిని పట్టుకున్నారనీ, మరుసటి సంవత్సరం శ్రీరంగపట్టణం సంధితో బారామహల్ సీమ కంపెనీ వశమైనదనీ పెద్దలు చెప్పగా విన్నాము. ఆ కొండకు ఛాయాచిత్ర కళా చరిత్రలోనూ ఒక స్థానమున్నదన్న సంగతి మాత్రం మనలో అనేకులకు తెలియదు. 1857–58 చలికాలంలో ఒక సైనికాధికారి పెద్ద కెమెరాతో ఇక్కడికి వచ్చి, ఈ కొండను వేర్వేరు చోట్ల నుండి చిత్రించారు. ఆ చిత్రాలు రాయకోట పేరునే శీర్షికగా ధరించి, సేలం జిల్లా దృశ్యాల సంపుటంగా 1858లో వెలువడ్డాయి. 1965లో ధర్మపురి జిల్లా, 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడక మునుపు మనదంతా సేలం జిల్లాయే కదా. ఆ అధికారి పేరు కెప్టెన్ లిన్నేయస్ ట్రైప్. దక్షిణ భారతదేశపు తొలితరం ఛాయాచిత్రకారులను పేర్కొనేటప్పుడు ముందువరుసలో వినిపించే పేరు అది.

ట్రైప్ 1822 ఏప్రిల్ 14న ఇంగ్లండులోని డెవన్ సీమలో, తరువాత డెవన్‌పోర్ట్ అని పిలువబడిన ఓడరేవు పట్టణంలో జన్మించారు. తండ్రి కార్నీలియస్ శస్త్రవైద్యుడు. పన్నెండుగురు సంతానంలో లిన్నేయస్ తొమ్మిదవవారు. మొక్కలకు రెండు మాటల శాస్త్రీయ నామాలను ఏర్పరచిన స్వీడన్ పండితుని పేరే ఈ బాలునికీ ఉండుట గమనింపదగినది. అంత పెద్ద కుటుంబంలో పుట్టిన యువకులకు ఆనాడు ఈస్టిండియా కంపెనీ కొలువు ఒక జీవనాధారం. ట్రైప్ కూడా 1830ల చివర ఆ సైన్యంలో ప్రవేశించి, మద్రాసు 12వ దేశీయ పదాతి దళంలో అధికారి అయ్యారు. తరువాతి పది సంవత్సరాలు సాధారణ సైనికోద్యోగి జీవితమే. వాటిని గురించి విస్తరించి చెప్పదగినది లేదు.

1850ల ఆరంభంలో ఆయన దీర్ఘకాలపు సెలవుపై స్వదేశం వెళ్ళారు. ఛాయాచిత్ర కళ అప్పటికి ఇంకా పసిదశలో ఉన్నది. 1839లో ఫ్రాన్సులో దగేర్ తన పద్ధతిని వెల్లడించగా, ఇంగ్లండులో టాల్బట్ 1841లో కాగితపు నెగెటివ్ పద్ధతికి పేటెంటు పొందారు. ఒక నెగెటివ్ నుండి ఎన్ని ప్రతులనైనా తీయవచ్చునన్నది టాల్బట్ పద్ధతిలోని విశేషం. 1851లో ఫ్రెంచి చిత్రకారుడు గుస్తావ్ ల గ్రే ఆ కాగితానికి ముందుగా మైనం పట్టించే మార్పు చేశారు. 1853లో లండనులో ఛాయాచిత్ర సంఘం ఏర్పడినప్పుడు తొలినాళ్ళ సభ్యులలో ట్రైప్ ఒకరు. స్వస్థలపు ఓడరేవులో మరమ్మతుకు నిలిచిన యుద్ధనౌకలను, నౌకానిర్మాణ శాలలను చిత్రించి ఆయన చేయి సాధించుకున్నారు. ఓడ కదలదు. సాధకునికి అంతకంటె అనుకూలమైన వస్తువు ఏముంటుంది?

1854లో బెంగుళూరుకు తిరిగి వచ్చిన ట్రైప్, ఆ సంవత్సరం చివరి నెలలోనే వైద్యాధికారి ఆండ్రూ నీల్‌తో కలిసి మైసూరు రాజ్యంలోని హళేబీడు, బేలూరు ఆలయాలకు వెళ్ళి హోయసల శిల్పాలను చిత్రించారు. 1855లో మద్రాసులో జరిగిన ప్రదర్శనలో ఆ చిత్రాలకు ప్రథమ శ్రేణి పతకం లభించింది. సైనికోద్యోగిగా ఉండవలసిన మనిషి జీవితం అక్కడ మలుపు తిరిగింది.

ఆ ఏడాదే గవర్నరు జనరల్ బర్మా రాజు మిండాన్ ఆస్థానానికి ఆర్థర్ ఫేర్ నాయకత్వంలో ఒక రాయబారాన్ని పంపారు. 1852 యుద్ధంలో ఆక్రమించిన పెగూ సీమను రాజు చేత ఒప్పందపూర్వకంగా అంగీకరింపజేయాలన్నది ఉద్దేశం. ఆ ఒప్పందం కుదరలేదు. రాయబారంతో అధికారిక ఛాయాచిత్రకారునిగా వెళ్ళిన ట్రైప్ మాత్రం పగాన్‌లోని పురాతన బౌద్ధాలయాలను, అప్పటి రాజధాని అమరపురను, దారిలోని ఊళ్ళను 200 పైచిలుకు నెగెటివ్‌లలో పట్టి తెచ్చారు. వానలు, అనారోగ్యం, రాయబార బృందం ఆగినంతసేపే ఆగగల వ్యవధి, వీటి నడుమ సాధించిన సంఖ్య అది. వాటిలో 120 దృశ్యాలను ఎన్నుకొని, 50 సంపుటాలుగా బెంగుళూరులో ముద్రింపజేశారు. అనగా ఒక్కొక్కటీ ఎండలో పెట్టి, కడిగి, ఆరబెట్టి తీయవలసిన ప్రతులు 6,000. ఈ సంఖ్య వద్ద పాఠకులు ఒక క్షణం ఆగవలసిందిగా కోరుతున్నాను. నేడు సెల్‌ఫోనులో ఒకే పెళ్ళికి అంతకు సగం తీసి, ఒక్కటీ కాగితంపై చూడకుండానే మరచిపోతున్నాము.

ఆనాటి పని ఎట్టిదో కొంత వివరించనిదే ట్రైప్ శ్రమ అర్థం కాదు. బడిలో కటకాల పాఠం చెప్పేటప్పుడు గది తలుపులు మూసి, ఒక్క కిటికీ తెరచి, ఎదుటి గోడ వద్ద భూతద్దం పట్టుకుంటే బయటి చెట్టు గోడపై తలక్రిందులుగా, రంగులతో కనబడుతుంది. పిల్లలు కేక వేయని సంవత్సరం లేదు. కెమెరా అంటే అదే. ఆ బొమ్మ పడేచోట గోడకు బదులుగా వెలుతురుకు మారే వెండి లవణం పూసిన కాగితం ఉంటుంది. అయితే భూతద్దపు బొమ్మ నడుమ స్పష్టంగానూ అంచుల వద్ద మసకగానూ ఉండుట పిల్లలు కూడా గమనిస్తారు. దీనికి ఆనాటి వారు కనుగొన్న ఉపాయం, కటకం ముందు చిన్న రంధ్రమున్న బిళ్ళను అమర్చుట. రంధ్రం ఎంత చిన్నదైతే దగ్గరి రాయి మొదలు దూరపు కొండ వరకు అంత స్ఫుటంగా వస్తాయి. కాని లోపలికి వచ్చే వెలుతురు అంతగా తగ్గిపోతుంది. ముఖచిత్రాల కొరకు వియన్నాలో పెట్జ్‌వాల్ 1840లో రూపొందించిన లెన్సు ఎంతో వేగవంతమైనది, కాని అంచులు మసకబారేవి. ప్రకృతి దృశ్యాలకు నెమ్మదియైన ఒంటి కటకమే శరణ్యం. లెన్సుల గురించి గంటల తరబడి వాదించుకునే నేటి ఔత్సాహికులు కూడా ఈ బేరంలోనే ఉన్నారు. వేగం కావాలా, అంచు నుండి అంచు వరకు స్పష్టత కావాలా అన్న ప్రశ్న నాటిదే.

ఇక ఆనాడు ప్రతిని పెద్దదిగా చేసే సౌకర్యం వాడుకలో లేదు. నెగెటివ్ ఎంతయో చిత్రమూ అంతే. అందువలన అడుగుకు మించిన వెడల్పు గల కాగితాలను, వాటికి తగిన పెద్ద చెక్క కెమెరాను, ముక్కాలి పీటను, మందుల సీసాలను, తొట్లను వెంట మోసుకుపోవలసి వచ్చేది. ఇంగ్లండులో అప్పటికే గాజు పలకలపై తడి కొలోడియన్ పద్ధతి ప్రచారంలోకి వస్తున్నది. అందులో పలకకు మందు పూసి, తడి ఆరకముందే చిత్రం తీసి, వెంటనే చీకటి గుడారంలో కడగాలి. మన ఎండలో అది ఎంత కష్టమో ఊహించుకోవచ్చును. మైనపు కాగితాన్ని ముందుగానే సిద్ధం చేసుకొని కొన్ని రోజుల పాటు నిలువ ఉంచుకోవచ్చును. తేలిక, పగలదు. దాని లోపమల్లా నెమ్మది. వెలుతురు చూపవలసిన సమయం నిమిషాలలో ఉండేది. గాలికి ఊగిన కొమ్మ చెదరిపోతుంది, దారిన నడిచిపోయిన మనిషి అసలే కనబడడు. ట్రైప్ చిత్రాలలోని వీధులు, ప్రాకారాలు జనశూన్యంగా కనిపించడానికి ఇది ఒక కారణం.

మరొక చిక్కు ఆకాశం. ఆనాటి మందులకు నీలికాంతి పట్ల అతి చురుకుదనం, ఆకుపచ్చ పట్ల మాంద్యం. కనుక నీలాకాశమూ తెల్లని మబ్బూ ఒకే తెలుపుగా, తోటలు నల్లని ముద్దలుగా వచ్చేవి. ట్రైప్ నెగెటివ్ మీద కుంచెతో రంగు పూసి ఆకులకు కాంతిని కలిగించేవారు, ఉత్త ఆకాశంలో మబ్బులను తీర్చేవారు. లేని మబ్బును పెట్టుట సత్యమా, అసత్యమా? ఈనాడు కంప్యూటరులో ఆకాశాన్ని మార్చిన చిత్రాన్ని చూచి మనం ముఖం చిట్లించుకుంటాము. నా అభిప్రాయంలో ఈ రెండూ ఒకటి కావు. మందు చూడలేని దానిని చేయి పూరించింది. గోపురం మీది ఒక్క బొమ్మను గాని, కోటగోడలోని ఒక్క పగులును గాని ఆయన మార్చినట్లు కనబడదు. అయితే మబ్బును బట్టి ఆనాటి వాతావరణాన్ని నిర్ణయించబోయేవారు మాత్రం జాగ్రత్త వహించవలసినదే.

1856లో మద్రాసు ప్రభుత్వం ట్రైప్‌ను రాజధాని ఛాయాచిత్రకారునిగా నియమించింది. పురాతన కట్టడాలు శిథిలమై పోకముందే వాటి రూపాన్ని భద్రపరచుట ఆయన ప్రధాన విధి. చిత్రలేఖకులు నెలల తరబడి గీసే దానికంటె ఇది త్వరగానూ నిక్కచ్చిగానూ ఉంటుందని లండనులోని కంపెనీ డైరెక్టర్లు కూడా భావించారు. 1857 డిసెంబరులో ఆయన బెంగుళూరు నుండి బయలుదేరారు. ఉత్తర హిందూస్థానంలో సిపాయిల తిరుగుబాటు ఇంకా చల్లారని కాలమది. దేశీయ దళపు అధికారి ఒకరు అట్టి వేళ పనివాండ్రతో, కెమెరాతో దక్షిణానికి సాగిపోవుట విచిత్రంగా తోస్తుంది. దారిలో తొలి మజిలీలలో ఒకటి మన రాయకోట. ఆలయాలను చిత్రించడానికి బయలుదేరిన మనిషి ఇక్కడ ఒట్టి కొండను, దానిపై కోటగోడలను, క్రింది మైదానాన్ని చిత్రించారు. కంపెనీ సైనికునికి అది తమ సేనలు గెలిచిన కోట. ఆ దృష్టి చిత్రాలలో లేదని చెప్పలేము. కాని నిలువుగా లేచిన బండలు, వాటి పగుళ్ళు, అడుగున చిన్నవైన చెట్లు, వీటిని సమతూకంగా నిలిపిన తీరు గెలిచినవాడి గర్వం కంటె కొలత వేసే సర్వేదారుని ఓర్పును తలపిస్తుంది.

రాయకోట నుండి సేలం జిల్లాలోని ఇతర స్థలాల మీదుగా శ్రీరంగం, తిరుచిరాపల్లి, పుదుక్కోట, మదురై, తంజావూరు చూచుకొని, 1858 వేసవికి ఆయన మద్రాసు చేరారు. మదురైలో తిరుమల నాయకుని మహలును చిత్రించిన దృశ్యాలు తెలుగువారమైన మనకు మరింత ముఖ్యమైనవి. మదురై నాయకులు తెలుగు మాతృభాషగా గలవారు. విజయనగర కాలంలో దక్షిణానికి తరలిన మన పూర్వుల కథలో వారిది పెద్ద అధ్యాయం. గవర్నరు నేపియర్ ప్రభువు కాలంలో, 1866 తరువాత, ఆ మహలుకు విస్తారంగా మరమ్మతులు జరిగాయి. దానికి మునుపు కప్పు కూలి, సున్నం రాలి, స్తంభాల నడుమ మొక్కలు మొలచిన స్థితి ఎట్టిదో ట్రైప్ చిత్రాల వలన తెలుస్తున్నది. మన ఊళ్ళలో తాతలనాటి మండువా ఇల్లు పడగొట్టి మేడ కట్టేటప్పుడు, పలుగు వేయకముందు ఒక్క చిత్రమైనా తీసి ఉంచుదామని ఎందరికి తోస్తున్నది?

తంజావూరులో ఆయన చేసిన పని ఇంకొక విధమైనది. బృహదీశ్వరాలయపు విమానం అడుగున రాతిపట్టెలపై శాసనాలు చెక్కబడి ఉన్నాయి. వాటిని ఒక వైపు పొడవునా వరుసగా 21 నెగెటివ్‌లలో తీసి, ప్రతులను అంచుకు అంచు జతపరచి దాదాపు 19 అడుగుల పొడవైన ఒకే చిత్రంగా కూర్చారు. ప్రతి అడుగుకూ కెమెరాను జరుపుతూ, గోడకు దూరం మారకుండా, ఎత్తు తప్పకుండా, వెలుతురు ఒక్కతీరుగా ఉండేటట్లు చూచుకుంటూ తీయకపోతే అక్షరాల వరుసలు కలవవు. నేటి ఫోనులో పనోరమా అని మీట నొక్కి చేయి త్రిప్పితే వచ్చే దానికి ఇది పూర్వరూపమని చెప్పవచ్చును గాని, ఆ శ్రమను అట్లు చెప్పి తేల్చివేయడానికి నాకు మనసొప్పదు.

మద్రాసులో ఆయన చేపట్టిన మరొక కార్యం అమరావతి శిల్పాలకు సంబంధించినది. కృష్ణాతీరంలోని అమరావతి స్తూపాన్ని 1797లో కోలిన్ మెకంజీ చూచి లోకానికి తెలిపారు. 1845లో గుంటూరు ప్రాంతపు అధికారి వాల్టర్ ఇలియట్ అక్కడ త్రవ్వించి అనేక సున్నపురాతి పలకలను మద్రాసుకు పంపారు. అవి ఆ నగరంలో ఎండకు ఎండి వానకు తడిసి, కాలక్రమాన మ్యూజియం ఆవరణకు చేరాయి. 1858లో ట్రైప్ ఆ పలకలను ఒక్కొక్కటిగా చిత్రించి సంపుటంగా వెలువరించారు. మరుసటి సంవత్సరమే, 1859లో, నూటికి పైగా పలకలు ఓడనెక్కి లండనుకు తరలిపోయాయి. అక్కడా వాటిని కొంతకాలం పట్టించుకున్నవారు లేరు. 1867లో ఫెర్గుసన్ అనే పండితుడు ఒక గుర్రపుసాల వద్ద వాటిని చూచి వెలికితీయించిన కథ ప్రసిద్ధం. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. సముద్రం దాటకముందు, దక్షిణదేశపు ఎండలో, ఆ శిల్పాలు ఏ స్థితిలో ఉన్నవో చూడదలచిన తెలుగువాడు ట్రైప్ సంపుటాన్నే తెరవవలసి ఉంటుంది.

ఇంత జరిగిన పిదప పని ఆగిపోయింది. 1859లో సర్ చార్లెస్ ట్రెవెల్యన్ మద్రాసు గవర్నరుగా వచ్చారు. తిరుగుబాటు అణచివేతకైన ఖర్చుతో ఖజానా చితికి ఉన్నది. ప్రతి శాఖలోనూ కోతలు విధిస్తూ వచ్చిన ఆయన కంటికి ఛాయాచిత్ర శాఖ ఆనాటి ఆర్థిక స్థితికి తగని గొప్ప విలాసంగా కనిపించింది. ట్రైప్ కార్యక్రమం నిలిపివేయబడింది. ఆయన ఆరోగ్యమూ అప్పటికే చెడింది. 1860 నాటికి పనిశాల మూతపడి, సహాయకులు చెదరిపోయారు. ఒక్క ట్రెవెల్యన్‌ను నిందించుట న్యాయం కాదేమో. ఖాళీ ఖజానా ముందు కూర్చున్నవారికి రాతి శాసనాల చిత్రాలు అత్యవసరంగా తోచకపోవుట సహజం. ఆయన కూడా ఆదాయపు పన్నును బహిరంగంగా ఎదిరించినందుకు 1860లోనే వెనక్కు పిలువబడ్డారు. ఆయన మిగిల్చిన రూపాయలెన్నో నేడు ఎవరికీ జ్ఞాపకం లేదు. ఆగిపోయిన పర్యటనల వలన చిత్రింపబడక పోయిన స్థలాలెన్నో కూడా లెక్కకు రావు.

ట్రైప్ తిరిగి సైనిక విధులలో చేరారు. 1870 ప్రాంతంలో బర్మాలోని తౌంగూ వద్ద కొద్ది చిత్రాలు తీయుట తప్ప, మరల ఈ కళ జోలికి పోయినట్లు కానరాదు. గౌరవ మేజర్ జనరల్ హోదాతో విశ్రాంతి పొంది, పుట్టిన ఊరైన డెవన్‌పోర్ట్‌లోనే 1902 మార్చి 2న, 80 ఏండ్లు నిండనున్న తరుణంలో మరణించారు. అంత దీర్ఘమైన జీవితంలో ఛాయాచిత్రాలకు ఒప్పగించినది పట్టుమని పదేండ్లు కూడా లేదు. ఆయన వద్ద పని నేర్చిన అయ్యాస్వామి అనే మద్రాసు వాసి తరువాత అక్కడి కళాశాలలో ఛాయాచిత్రణం బోధించారు. ఈ విద్య మనవారి చేతికి వచ్చిన తొలి దారులలో అది ఒకటి.

అయ్యాస్వామి పేరైనా మిగిలింది. బండ్లు తోలినవారు, పెట్టెలు మోసినవారు, తొట్లకు నీరు తెచ్చినవారు ఎవరో తెలియదు. రాయకోట కొండ క్రింద ఆ చలికాలపు ఉదయాన ఏ రైతైనా ఆ ముక్కాలి పెట్టెను నిలిచి చూచి ఉంటే, నిమిషాల తరబడి కదలకుండా నిలిచినవాడు మాత్రమే చిత్రంలోకి వచ్చేవాడు. రానివారు ఎందరో. 2014–15లో వాషింగ్టన్, న్యూయార్క్, లండన్ నగరాల పెద్ద మ్యూజియంలు ట్రైప్ చిత్రాలను వరుసగా ప్రదర్శించగా ఆయన కీర్తి మరల వ్యాపించింది. సంపుటాల ప్రతులు లండనులోని బ్రిటిష్ లైబ్రరీ వంటి చోట్ల భద్రంగా ఉన్నాయి. కొన్ని మ్యూజియంలు తమ వద్దనున్న ట్రైప్ చిత్రాలను ఇంటర్నెట్‌లోనూ ఉంచాయి. రాయకోట పరిసరాల పిల్లలెవరైనా ఆ పాత చిత్రాన్ని సంపాదించి చేత పట్టుకొని బయలుదేరితే, కెప్టెన్ తన ముక్కాలిని నిలిపిన చోటును వెదకుట ఒక సెలవునాటి పని. బండలు ఎక్కడికీ పోలేదు.